నెమరు కోసం

నేను గజపతినగరం దగ్గర పశువుల డాక్టరుగా పనిచేస్తున్నప్పుడు ఒక రైతు తన ఎద్దును ఆస్పత్రికి తోలుకొచ్చాడు. కొమ్ముకు క్యాన్సర్ వచ్చింది. కొమ్ము కోసి తీసెయ్యాలి.

"దానికి నొప్పి తెలస్తాదేటమ్మా?" అని అడిగాడు.

"తెలియకుండా మత్తు ఇస్తాను," అన్నాను.

కంటికీ కొమ్ముకీ మధ్య సూది వేసి, ఆ చోటు మొద్దుబారే దాకా ఆగి, రంపం అందుకున్నాను. ఎద్దు కదల్లేదు. దాని గంగడోలు నిమురుతూ ఆయనే కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

కట్టు కట్టాక, మత్తు దిగినా బాధ లేకుండా మరో ఇంజెక్షన్ చేశాను. బాగా నొప్పిగా ఉన్న పశువు నెమరు వేయదు. అందుకని ఇద్దరం దాని మూతినే చూస్తూ కూర్చున్నాం. పొద్దు వాలేవేళకి దవడ మెల్లగా కదిలింది.

"సూడమ్మా, నెమరేస్తన్నాది," అంటూ ఆయన దాని మెడకు చెంప ఆనించాడు.

పని అయిపోయినా, నాకు లేవాలనిపించలేదు.