మెర్వ్ తిప్పిన కాగితం పిట్ట

మా వీధి చివర యూకలిప్టస్ చెట్టు మీది మ్యాగ్‌పై అనే నలుపు తెలుపు పిట్ట గూట్లోంచి ఒక ఇనప పిడి వేలాడుతోందనీ, గాలొస్తే అది తనంతట తానే తిరుగుతుందనీ అంటారు. చెట్టెక్కి చూసినవాడు లేడు. కిర్రుమన్న చప్పుడు మాత్రం నేను రెండుసార్లు విన్నాను.

అంతా మెర్విన్ ట్రెగెంజా వల్లే. నలభై ఏళ్లు గొర్రెల దొడ్లకి కంచెలు వేసినవాడు. అతను లాగిన తీగ చంద్రుడి దాకా వెళ్లి తిరిగొస్తుంది.

ఆ సెప్టెంబరులో గూట్లో పిల్లలున్నాయని మగ మ్యాగ్‌పై ఎవరు కనిపించినా నెత్తి మీదికి దూకేది. అది వెనకనుంచే దూకుతుంది కాబట్టి ఊరంతా ఐస్‌క్రీం డబ్బాలకి వెనకవైపు కళ్లు గీసి, నెత్తిన బోర్లించుకుని తిరిగాం. ఉత్తరాలు తెచ్చే డాట్ బండి మీంచి పడి రెండు పళ్లు పోగొట్టుకుంది. శుక్రవారం పిట్టని కాల్చేస్తామని కౌన్సిల్ వాళ్లు చెప్పారు.

"పిల్లల్ని కాపాడుకుంటే చంపేస్తారా?" అన్నాడు మెర్వ్. ఆ రోజే షెడ్డులో దూరాడు.

నేను మాంసం కూరిన పేస్టీలు పట్టుకెళ్లేసరికి మందపాటి కంచె తీగతో కాగితం పిట్టకి రెక్కలు చేశాడు. రెక్కలాడించే పిడి తిప్పగానే కాగితం పర్రున చిరిగింది.

"ఎద్దుని ఆపడానికా ఇది?" అన్నాను.

"నోరు మూసుకుని తిను, వీల్మా."

సన్న తీగతో మళ్లీ చేశాడు. ఈసారి ఒక రెక్క లేస్తే ఇంకోటి వాలింది.

"తాగొచ్చిన మా ఆయన నడక!" అన్నాను.

మెర్వ్ పిడికి తగిలించిన ఇరుసులో ఎదురెదురుగా ఉన్న రెండు వంపుల్నీ ఒకే వైపుకి తిప్పాడు. నా పేస్టీలు చుట్టిన పల్చటి కాగితం అంటించి, మ్యాగ్‌పై రంగొచ్చేలా నల్ల బూట్ పాలిష్ పూశాడు. పిడి తిప్పాడు. రెండు రెక్కలూ కలిసి లేచాయి. నోట్లో ముద్ద నమలడం మర్చిపోయాను.

శుక్రవారం తుపాకీ మనిషి కారు దిగాడు. చెట్టుకి దూరంగా, కంచె గుంజకి కాగితం పిట్టని కట్టి మెర్వ్ తిప్పుతున్నాడు. డాట్ కళ్లు మూసుకుని బండి పోనిచ్చింది. మ్యాగ్‌పై దూకింది. డాట్‌ని వదిలేసి సూటిగా కాగితం పిట్ట మీదికి! జానెడు దూరంలో ఆగి తీగ మీద వాలింది. తల వంచి చూసింది. గొంతెత్తి పాడింది. డబ్బాలు నెత్తిన పెట్టుకుని వీధంతా చర్చిలోలా నిలబడిపోయాం.

"ఇంత మంచి పిట్టనా కాల్చమన్నారు?" అంటూ తుపాకీ మనిషి కారెక్కాడు.

పిల్లలు ఎగిరేదాకా డాట్ వచ్చే వేళకల్లా మెర్వ్ పిడి తిప్పాడు. ఒకరోజు చూస్తే గుంజ మీద కాగితం పిట్ట లేదు, పిడితో సహా.

నిన్న అడిగేశాను: "గూట్లో పిడి నీదేగా?"

"ఏ పిడి? నేను పిట్టలు చేసే రకమా? ఆ రోజు కంచె బిగిస్తున్నానమ్మా తల్లీ. పేస్టీలు తగ్గించు, కలలు తగ్గుతాయి."