ఖాదరన్నను మేనేజర్ పదవి నుంచి తీసేసిన ఏడాది

నిన్న పొద్దున మా మనవరాలు ఫోన్ చూస్తా చూస్తా ఆగిపోయింది. "తాతా, మార్కాపురం ఖాదర్ తాత పోయినాడంట" అనింది.

టీ గ్లాసు కింద పెట్టేసినా.

తొంభై దాటిన మనిషే. ఎప్పుడో ఒకప్పుడు వినాల్సిన మాటే. అయినా నమ్మబుద్ధి కాలా. పోయిన నెలే గదా ఫోన్ చేసి నన్ను తిట్టినాడు!

ఈ పోస్ట్ నేను చెప్తా ఉంటే ఆ పిల్లే టైప్ చేస్తా ఉంది. తప్పులుంటే దాన్ని అడగండి.

మీలో చానామందికి ఖాదరన్న అంటే టైలర్ దుకాణం ముసలాయన. నాకు మాత్రం మేనేజర్. ఫుట్‌బాల్ మేనేజర్!

నవ్వమాకండి. తెల్లోళ్ల కాలం. మనమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో, కర్నూలు జిల్లా కింద ఉన్న రోజులు. మార్కాపురంలో మాకొక టీమ్ ఉండేది. బూట్లు లేవు, జెర్సీలు లేవు, ఒక బాల్ ఉంది. దానికి గాలి కొట్టేది, చినిగితే కుట్టేది, అందర్నీ పోగేసి రైలెక్కించేది ఖాదరన్నే. కంభం, గిద్దలూరు, దొనకొండ, యాడ మ్యాచ్ అంటే ఆడికి. అప్పటికి ఆయనకు మీసాలు కూడా సరిగ్గా రాలేదు. అరిస్తే మాత్రం మాకు గుండెలు జారేవి.

నాది పలకల రాతి గనిలో కూలి పని. బండలు చేతులు మారేటప్పుడు ఒక్కటి కింద పడినా మేస్త్రీ ఊరుకోడు. ఒకరోజు ఖాదరన్న వచ్చి కాసేపు నా చేతులే చూసి, "రేయ్ దావీదూ, గోల్‌లో నిలబడతావా?" అన్నాడు.

అంతే. అదే సెలెక్షన్.

చిక్కంతా ఆడే మొదలైంది.

మాది మాదిగపల్లె. ఆ రోజుల్లో ఊర్లో మాకు నీళ్లు కావాలంటే, దూరంగా నిలబడి దోసిలి పట్టాల. పైనుంచి పోసేవాళ్లు. నేను బాల్ పట్టుకోవచ్చంట, ముంత పట్టుకోగూడదంట! ఏం న్యాయమో ఏమో.

మొదటి మ్యాచ్ దొనకొండలో, రైల్వే పనోళ్ల టీమ్‌తో. హాఫ్ టైమ్‌లో ఖాదరన్న కుండ తెచ్చి మధ్యలో పెట్టినాడు. ఒకే కుండ, ఒకే ముంత. "ముందు గోల్‌కీపర్ తాగుతాడు, తర్వాత మీరు" అన్నాడు. నేను భయపడతానే తాగినా.

నా తర్వాత ఎవ్వరూ తాగలా.

దొనకొండ ఎండ మీకు తెలుసు గదా. నాలుకలు పిడచకట్టుకొని పోయినా పౌరుషంగా గ్రౌండ్‌లోకి దిగినారు మావాళ్లు. సెకండాఫ్‌లో ఒక్కడికీ ఉరికే ఓపిక లేదు. చిత్తుగా ఓడిపోయినాం.

సీజనంతా ఇంతే. హాఫ్ టైమ్ దాకా ఆట మాదే. ఆ తర్వాత దాహం. వేరే కుండ తెచ్చుకుంటామంటే, "తెచ్చుకునేవాడు ఆటకు రావద్దు" అన్నాడు ఖాదరన్న. మొండోడికి మొండోళ్లు దొరికినారు.

సీజన్ అయిపోయినాక బడి వరండాలో మీటింగ్ పెట్టినారు. ఇన్ని మ్యాచ్‌లు ఓడగొట్టిన మేనేజర్ ఉండాలా, పోవాలా అని.

మా ఫుల్‌బ్యాక్ చెన్నారెడ్డి లేచినాడు. "అన్నా, నీ మీద కోపం లేదు. రెండు కుండలు పెట్టు, నువ్వే ఉండు" అన్నాడు.

ఖాదరన్నకు ఆ పదవంటే ప్రాణం. దుకాణంలో వాళ్ల నాయన ముందు నోరెత్తేది లేదు. నలుగురూ మాట వినేది మా టీమ్‌లోనే. నేను మెట్ల కింద నిలబడుకొని ఉన్నా. ఉండబట్టలేక, "పెట్టన్నా, నాకేమవుతుంది, అలవాటే గదా" అన్నా.

"నువ్వు నోర్మూసుకో" అన్నాడు.

చేతులెత్తమన్నారు. ఆయన ఉండాలని మూడు చేతులు లేచినాయి. అందులో ఒకటి నాది.

మొహం చిన్నబోయింది ఆయనకు. అయినా బాల్ తీసి చెన్నారెడ్డి చేతిలో పెట్టినాడు. "మేనేజర్‌ను మార్చుకోండి. గోల్‌కీపర్‌ను మాత్రం మార్చమాకండి" అన్నాడు. వాళ్లు సరే అన్నారు.

మరుసటేడు చెన్నారెడ్డే మేనేజర్. రెండు కుండలు వచ్చినాయి. గిద్దలూరులో మ్యాచ్. హాఫ్ టైమ్‌కి నేనొక్కణ్ణే నా కుండ కాడ కూర్చున్నా. చూస్తే, జనంలోంచి ఖాదరన్న వస్తా ఉన్నాడు! సొంత ఖర్చుతో రైలెక్కి వచ్చినాడు మహానుభావుడు. నా పక్కన కూలబడి, నా చేతిలో ముంత లాక్కొని గటగటా తాగి, "అంత సులువు బాల్ వదిలినావేందిరా, కళ్లు యాడ పెట్టుకున్నావ్?" అని తిట్టినాడు.

అట్ల ప్రతి మ్యాచ్‌కీ వచ్చినాడు. తాగడం, తిట్టడం.

దర్శిలో ఆడిన రోజు ఎండ మాడ్చేసింది. మా టీమోళ్లందరికీ ఒక కుండ, నాకూ ఖాదరన్నకూ ఒక కుండ. వాళ్లది ఎప్పుడో అయిపోయింది. చెన్నారెడ్డి అటు చూసి, ఇటు చూసి, మా కాడికి వచ్చి కూర్చున్నాడు. ఖాదరన్న ఒక్క మాట దెప్పలా. ముంత ముంచి ఇచ్చినాడు. చెన్నారెడ్డి తాగి, మూతి తుడుచుకొని, "మా ఇంట్లో చెప్పమాకండి" అన్నాడు.

వెనకే మిగతావాళ్లూ వచ్చినారు. ఆ మ్యాచ్ కూడా ఓడిపోయినాం లెండి.

ఇప్పుడు టీవీలో టీమ్ ఓడితే చాలు, మేనేజర్‌ను పీకేయమని మా మనవళ్లు గోల చేస్తారు. పీకేయాలేమో, నాకు తెలీదు. మావాళ్లూ పీకేసినారు. ఆట లెక్కన చూస్తే తప్పు కూడా కాదు. నాకు తెలిసింది ఒకటే. పదవి పోతుందని తెలిసి కూడా నా కోసం పోగొట్టుకున్నాడు ఆ మనిషి. అంతకు ముందు నా కోసం ఎవురూ ఏదీ పోగొట్టుకోలా.

నిన్న సాయంత్రం ఖబరస్తాన్‌కి పోయినా. ఆయన పెద్దకొడుకు నా చెయ్యి పట్టుకొని ముందుకు తీసుకపోయి, "మీరు ఏయండి చాచా" అన్నాడు. వంగలేకపోయినా. ఇద్దరు పట్టుకుంటే మూడు పిడికిళ్లు మట్టి ఏసినా. ఏడుపు ఆగలా.

అన్నా, ఆ రోజు టీమ్ నిన్ను తీసేసింది. నేను తీసేయలా. ఈ రోజుకీ నా మేనేజర్‌వి నువ్వే.

అల్లా నీకు చల్లని చోటు ఇయ్యాల. హాయిగా పడుకో అన్నా.