అవ్వ కాచుకున్న తంగేడు

మొన్న కమలాపురం నుంచి కడపకు పోతుంటే మా కోడలు కారు ఆపించి, రోడ్డు పక్కన పసుప్పచ్చగా విరగబూసిన పొదకు ఫోను చూపించింది. ఫోను కాసేపు ఆలోచించి "సెన్నా ఆరిక్యులేటా" అని తేల్చింది. నాకు రోషం వచ్చింది. ఎనిమిదో తరగతిలోనే బడికి దండం పెట్టి బయటపడ్డవాణ్ణే గానీ, తంగేడును శాస్త్రంలో కాసియా అంటారని నాకు ఖాయంగా తెలుసు. అక్కడికక్కడే మా వదినకు ఫోన్ కొట్టాను. "ఆ పేరు మార్చి శానా కాలమైందిలేప్పా. కాసియా గుంపులోంచి తీసి సెన్నాలో పెట్టినారు. కుటుంబం మాత్రం అదే, చిక్కుడు కుటుంబమే" అంది. వేరు కాపురం పెట్టినా ఇంటిపేరు పోలేదన్నమాట.

నాకు ఆ పాత పేరు నేర్పింది కూడా ఆమే. పెళ్లితో ఆగిపోయిన డిగ్రీని మా ఇంటికొచ్చాక మళ్లీ అందుకుంది. అన్నీ గట్టెక్కి, వృక్షశాస్త్రం ప్రాక్టికల్ ఒకటే మిగిలింది. మా నాయన చదువుకోమన్నాడు గానీ, అందులోనే మెలిక పెట్టాడు: "ఈ తూరి తప్పితే పుస్తకాలు అటకెక్కల్ల." ఆయన నోటినుంచి వచ్చిన మాట వెనక్కి పోవడం మేమెవరమూ చూడలేదు. ఆ పరీక్షకు మొక్కలను ఎండబెట్టి, అట్టలకు అతికించి చూపించాలట. వదిన కొమ్మలను పాత పేపర్ల మధ్య పరిచి, పైన కడప బండ ఎత్తించింది. మా వైపు అరుగూ బండే, ఇంటి కప్పూ బండే, బట్టలుతికేదీ బండే. చదువుకూ బండ అవసరమని మాత్రం నాకప్పుడే తెలిసింది.

పరీక్ష రోజు పొద్దున బండ తీస్తే జిల్లేడు ఉంది, వాయిలి ఉంది, తంగేడు లేదు. పొయ్యి దగ్గర మా అవ్వ లోటాతో ఏదో ఊదుకుంటూ తాగుతోంది. ఆమెకు షుగరు. తంగేడు పూలు ఎండబెట్టి కషాయం కాచుకోవడం మా ఆడవాళ్లకు అలవాటే.

"తంగేడు నువ్వు గానీ తీసినావా అవ్వా?" అని వదిన అడిగింది.

"తీసినా. పూలు ఎండబెట్టి, కాగితాల్లో పెట్టి, దుమ్ము పడకుండా బండ గూడా పెట్టింటివే. ఈ పిల్లకు నా మీద ఎంత అక్కర అనుకుంటి."

"జిల్లేడు కాచుకోలేదు, సంతోషించు వదినా" అన్నాను. నా మాటలకు ఎప్పుడూ నవ్వే మనిషి ఆ పూట నవ్వలేదు. అటక వైపు ఒకసారి చూసి, అట్టలు సర్దుకుంది.

నాకప్పుడు ఆటో ఉండేది. ఊరు దాటగానే బీడు పక్కన ఆపి, దోసెడు పూలు తెంపుకొచ్చాను.

"పూజకు పోతాండామా? కాయ యాడ?" అంటూ వదిన తనే ఆటో దిగింది. గంజి పెట్టిన చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, పూలూ మొగ్గలూ కాయలూ ఉన్న కొమ్మ వెతికి విరిచింది. "కాయ చూడు, పలచగా చిక్కుడు కాయ మాదిరి లేదా? కుటుంబం దీంట్లోనే తెలుస్తాది. ఆకు మొదట్లో చెవుల మాదిరి రెండు ఉండాయి చూడు. తంగేడుకు అదే గుర్తు."

"అయితే మన మాటలు వింటాదా వదినా?"

"వింటే నీ మాటలకు ఎప్పుడో ఎండిపోయుండు" అని, ఆ పూటకు మొదటిసారి నవ్వింది.

కాలేజీలో నేను కిటికీ పట్టుకుని నిలబడ్డాను. పరీక్ష పెట్టే సారు అట్టలు తిప్పి తిప్పి, పచ్చి కొమ్మ దగ్గర ఆగాడు. "ఇదేందమ్మా?"

"ఎండింది మా అవ్వ కషాయం కాచుకునింది సార్."

గది మొత్తం నవ్వింది. సారు నవ్వలేదు. కొమ్మ ఆమె చేతికిచ్చి, "అయితే దీంట్లోనే చూపించి చెప్పు" అన్నాడు. వదిన చెవులు చూపింది, కాయ చీల్చి గింజలు చూపింది, పువ్వు విప్పి పుప్పొడి లేని కేసరాలు ఏవో చూపింది. కాసియా అంది, చిక్కుడు కుటుంబం అంది. సారు మార్కులు వేసుకుని, చివరికి నెమ్మదిగా అడిగాడు: "ఇంతకూ షుగరు తగ్గిందా?"

వదిన పాసయింది. మా నాయన చెక్క పని చేసే వడ్లాయన్ను పిలిపించి, పుస్తకాలకు గూడు చేయించాడు. ఆమె టీచరయి ఎంతమందికి పాఠం చెప్పిందో గానీ, మొదటి శిష్యుణ్ణి నేనే. వేరుశనగ, కంది, చింత, తుమ్మ అన్నీ తంగేడుకు చుట్టాలేనని ఆమె చెప్పాక, నేను ఆటో తోలిన దారి నాకు ఎన్నడూ ఒంటరిగా అనిపించలేదు. ఆ పొద్దున ఆలస్యమవుతోందని బీడు దగ్గర హారన్ మీద హారన్ కొట్టాను. ఇప్పుడు తిరిగి చూసుకుంటే, ఇన్నేళ్లలో నా కాలం వృథా కాకుండా గడిచింది ఆ ఆలస్యంలోనే.