నూకరత్నం గారు తాళం మార్చలేదు

సర్వర్ గది తలుపు తీయగానే ముఖానికి కొట్టే వాసన ఒకటుంటుంది. వేడెక్కిన దుమ్ము, ప్లాస్టిక్, ఏసీ నీళ్లు కారి నానిన గోడ సున్నం, అన్నీ కలిసిన వాసన. మొన్న సోమవారం రాజమండ్రిలో మా ఆఫీసులో ఆ తలుపు తీశాను. వెనకాలే కొత్తగా చేరిన ఇంజినీరు వచ్చి, "మేడమ్, బయటినుంచి ఎవరికీ లాగిన్ అవట్లేదండి. ఒకసారి రీస్టార్ట్ చేసేద్దామాండి?" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "స్క్రీన్ మీద ఏం వచ్చిందో చదివావా? చదవకుండా చేసేద్దాం అంటావేంటి?" అని అరిచాను. పాపం, బిత్తరపోయాడు. అరిచాక తెలిసింది, ఆ మాట నాది కాదు. పదకొండేళ్ల కిందట భీమవరంలో నూకరత్నం గారు నా మీద అరిచిన మాట. ఆవిడ గురించి ఇన్నాళ్లూ రాయనందుకు నన్ను నేను తిట్టుకుంటూ ఇది రాస్తున్నాను.

నూకరత్నం గారిది కాకినాడ అవతల సముద్రపు ఒడ్డు ఊరు. నాన్నగారు వేటకు వెళ్లేవారు, అమ్మగారు గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మేవారు. ఆవిడ పాలిటెక్నిక్ చదివి, కంప్యూటర్లు మాత్రం తనంతట తానే నేర్చుకుని, నేను తర్వాత చేరిన కంపెనీలో అప్పటికే పదేళ్లుగా పనిచేస్తున్నారు. రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించి రైతులకు రిపోర్టులిచ్చే కంపెనీ అది. చుట్టుపక్కల ఊళ్లలో ఎనిమిది సెంటర్లుండేవి. రైతులు తెల్లారేసరికి సీసాల్లో నీళ్లు పట్టుకొచ్చేవారు. సెంటర్లవాళ్లు పరీక్ష చేసి, మా ఆఫీసులోని లినక్స్ సర్వర్‌లోకి ఒక్కొక్కరికీ ఇచ్చిన కీ ఫైలుతో, అంటే కంప్యూటర్ తాళంచెవితో, దూరం నుంచే లాగినై ఫలితాలు పెట్టేవారు. ఆ సర్వర్‌ను నిలబెట్టింది, పదేళ్లు కంటికి రెప్పలా చూసుకుంది ఆవిడ. కాగితం మీద మాత్రం ఆవిడ డేటా ఎంట్రీ ఆపరేటరు! జీఎం గారు, అంటే మా ఎండీ గారి బావమరిది, ఆవిడ క్యారేజీ విప్పగానే "ఇది ఆఫీసాండీ, చేపల మార్కెట్టా?" అని పదిమందీ వినేలా నవ్వేవాడు. ఆయన చెరువుల్లో పెరిగేవి మల్లెపూలు కాబోలు! రొయ్యల మీద మేడలు కట్టినవాళ్లకు చేపల వాసన పడదట. ఆవిడ మాత్రం తొణకకుండా, "పులుసండీ, కొంచెం వేయమంటారా?" అనేవారు.

నేను చేరిన మొదటి వారంలోనే ఒక సెంటర్ నుంచి ఫోన్ వచ్చింది, లాగిన్ అవట్లేదని. నేను వెంటనే రీస్టార్ట్ అన్నాను. ఆవిడ నా మీద అరిచింది అప్పుడే. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చోబెట్టి చెప్పారు. "అమ్మాయ్, నువ్వొకరింటికి వెళ్లావనుకో. ఎంతసేపు తలుపు కొట్టినా ఉలుకూ పలుకూ లేదు. అంటే ఇల్లే లేదో, దారిలోనే నిన్నెవరో ఆపేశారో. అదొకటి. కొట్టగానే లోపలినుంచి ఇప్పుడు కాదు పొమ్మన్నారు. అంటే ఇల్లుంది, దారుంది, తలుపు తీసే మనిషే పనిలో లేడు. అది రెండోది. తలుపు తీసి, నీ ముఖం చూసి, నువ్వెవరో మాకు తెలీదన్నారు. అంటే దారీ బాగుంది, ఇల్లూ బాగుంది. తేడా నీ దగ్గరైనా ఉంది, వాళ్ల జాబితాలోనైనా ఉంది. అది మూడోది. మూడు రోగాలకీ ఒకటే మాత్ర వేస్తావేంటి?" ఆ రోజు తర్వాత స్క్రీన్ మీద వచ్చే టైమ్డ్ అవుట్, రిఫ్యూజ్డ్, పర్మిషన్ డినైడ్ అనే మాటలు నాకు ఎప్పుడూ ఒకేలా కనపడలేదు. ఎన్ని పుస్తకాలు చదివితే అర్థమవుతుంది అంత స్పష్టంగా!

అన్నిటికంటే ముఖ్యంగా ఆవిడ నేర్పాలని చూసింది, నేను నేర్చుకోనిది, ఇంకొకటుంది. "ఈ పనిలో సగం చదువు, సగం కాదనడం" అనేవారు. "ఎవరడిగినా, ఏది అడిగినా ముందు కాదు అను. తర్వాత ఆలోచించుకుని అవును అనొచ్చు. ముందు అవునన్నాక కాదనలేవు." నేనేమో మా మామ్మ పెంపకం. పెద్దవాళ్లు ఏదడిగినా తల ఊపేదాన్ని. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత ఒకటుంది. ఇక్కడ రాయలేను గానీ, గోదావరి జిల్లాల్లో తెలియనివారు లేరు.

ఆ యేడు నూకాలమ్మ జాతరకు ఆవిడ రెండు రోజులు సెలవడిగారు. పదేళ్లలో ఆవిడ జాతరకు సెలవడగడం మూడోసారి అనుకుంటాను. జీఎం గారు ససేమిరా అన్నాడు. "మీరు పోతే సర్వర్ ఎవరు చూస్తారు?" అన్నాడు. "పద్మజ చూస్తుందండి" అన్నారావిడ, నన్ను చూపించి. నాకెంత గర్వమో! "వెళ్తే ఇక అటే వెళ్లండి" అన్నాడు. "గురువారం పొద్దున్న వస్తానండి" అని చెప్పి ఆవిడ బస్సెక్కేశారు.

మర్నాడు మధ్యాహ్నం జీఎం గారు నా టేబుల్ దగ్గరికొచ్చాడు. ఆయన మనిషి ఒకడికి ఎవరిదో ఫైలు తెరుచుకోవట్లేదట. "అందరికీ అన్ని పర్మిషన్లూ ఇచ్చేయమ్మా. మన ఇంట్లో మనకి తాళాలేంటి?" అన్నాడు. "నూకరత్నం గారు రేపు వచ్చేస్తారండి, అడిగి చేస్తాను" అన్నాను. "ఆవిడొస్తే గానీ నీకు చేతకాదా?" అన్నాడు. అంతే. ఆ ఒక్క మాటకి పడిపోయాను. ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా నడపొచ్చు అని సర్వర్‌కు చెప్పే ఆజ్ఞ ఒకటుంది, మూడు ఏడులు. అందరి ఫోల్డర్లూ ఉండే హోమ్ మొత్తానికి ఆ మూడు ఏడులూ కొట్టేశాను. ఆయన మనిషికి ఫైలు తెరుచుకుంది. "వెరీ గుడ్ అమ్మా" అన్నాడు. సిగ్గులేకుండా సంతోషపడ్డాను.

గురువారం తెల్లారేసరికి ఎనిమిది సెంటర్లలో ఒక్కరికీ లాగిన్ అవలేదు. అందరికీ పర్మిషన్ డినైడ్. ఆవిడ నేర్పినదంతా మర్చిపోయి నేను సర్వర్‌ను రీస్టార్ట్ చేశాను. ముందురోజు నుంచి నా కంప్యూటర్లో తెరిచి ఉన్న ఒకే ఒక్క లాగిన్ కూడా దాంతో తెగిపోయింది. సెంటర్లలో రైతులు సీసాలు పట్టుకుని కేకలేస్తున్నారట. జీఎం గారు హాలు మధ్యలో నిలబడి, "ఇంకెవరు? ఆవిడే! సెలవివ్వలేదని కడుపుమంటతో తాళం మార్చేసి పోయింది. ఇది నేరం. పోలీసు కంప్లయింట్ ఇస్తాను" అన్నాడు. ముందురోజు నా చేత చేయించింది ఆయనకు గుర్తులేదా? గుర్తుంది. నా వైపు చూసిన చూపులోనే తెలిసింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే నేను భుజాలు తడుముకుంటున్నాను, ఆయన మాత్రం దర్జాగా ఇంకొకరి భుజం చూపిస్తున్నాడు.

పదకొండింటికి ఆవిడ బస్సు దిగి వచ్చారు. పాదాలకు పసుపు, చేతినిండా కొత్త గాజులు. నేరుగా సర్వర్ గదిలోకి వెళ్లి, సర్వర్‌కే మానిటరు, కీబోర్డు తగిలించి, కీ ఫైలుతో పనిలేకుండా పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్లారు. నాకా బుద్ధే పుట్టలేదు! వెళ్లగానే లాగ్ తెరిచారు. సర్వర్ తనలో జరిగినదంతా వరసగా రాసుకునే ఫైలు అది. "చూడు, కీ ఫైళ్లు మారలేదు. వీళ్లని రానివ్వకపోవడానికి కారణం కూడా రాసింది. ఫోల్డరు అందరికీ బార్లా తెరిచి ఉందట. లోపలికి రానివ్వాల్సినవాళ్ల జాబితా ఆ ఫోల్డర్లోనే ఉంటుంది. ఎవరు పడితే వాళ్లు పేరు రాసుకోగల జాబితాని అది నమ్మదు. నమ్మకూడదు కూడా" అన్నారు. అన్నీ ఎలా ఉండాలో అలా సరిచేశారు. పావుగంట పట్టిందేమో. సెంటర్ల నుంచి అయిందండీ అయిందండీ అని ఫోన్లు. తర్వాత లాగ్ ఇంకా పైకి జరిపారు. బుధవారం మధ్యాహ్నం, మూడు ఏడులు, ఎదురుగా నా పేరు. ఆవిడ చూశారు. నేనూ చూశాను.

తిడతారనుకున్నాను. తిట్టలేదు. ఆ పేజీ ప్రింటు తీసి, "నీ పేరు నా నోటితో చెప్పను, పద్మజా. దాచను కూడా. ఈ కాగితం వాళ్ల ముందు పెడతాను. మాట నువ్వు చెప్పుకుంటే నీకే మంచిది" అన్నారు.

ఎండీ గారి గదిలో మేమిద్దరం కాక తొమ్మిదిమంది ఉన్నారు. ఆవిడ కాగితం టేబుల్ మీద పెట్టి, "తాళం ఎవరూ మార్చలేదండి. ఏం జరిగిందో, ఎప్పుడు జరిగిందో ఇందులో ఉంది, చదవండి. ఆ టైముకి నేను మా ఊళ్లో ఉన్నాను" అన్నారు. తొమ్మిదిమందిలో ఒక్కడు ఆ కాగితం వైపు తల తిప్పితే ఒట్టు! జీఎం గారు, "ఇవన్నీ మాకర్థం కావండి. సిస్టం మీ చేతిలో ఉంది, తప్పు మీది. క్షమాపణ రాసివ్వండి, కంప్లయింట్ లేకుండా చూస్తాను" అన్నాడు. ఏం దయ! ఏం దయ! ఆవిడ నా వైపు చూశారు. ఎంతసేపు చూశారో నాకు తెలుసు, ఎందుకంటే ఆ సేపంతా నేను కిటికీ అవతల ఆగిన పాలవ్యాను మీద అక్షరాలు చదువుతున్నాను. నోరు తెరిస్తే ఉద్యోగం పోతుందని భయం, అంత పెద్దాయన్ని అందరిలో ఎలా ఎదిరిస్తానని మొహమాటం. "చేయని తప్పుకి రాయనండి" అని ఆవిడ మెడలోంచి ఐడీ కార్డు తీసి అక్కడ పెట్టి వెళ్లిపోయారు. కంప్లయింటూ లేదు, ఏమీ లేదు. ఇచ్చి ఉంటే ఆ లాగ్ చదవాల్సి వచ్చేది కదా! వారం తిరక్కుండా ఆవిడ కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. కాగితం మీద నా హోదా సిస్టమ్స్ ఇన్‌చార్జి. తలుచుకుంటే ఇప్పటికీ కంపరమెత్తుతుంది.

ఆ తర్వాత నాలుగేళ్లకు రాజమండ్రిలో ఇంకో ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లాను. ముగ్గురు పెద్దమనుషులు. అందులో ఒకాయన నేను పనిచేసిన చోటు చూసి, "అక్కడేగా ఎవరో చేపలావిడ సర్వర్‌కి తాళం వేసేసి పోయిందంట?" అని నవ్వాడు. నాలుగేళ్లు! ఆవిడ పదేళ్ల పని ఎవరికీ తెలీదు, చేయని పని మాత్రం గోదావరి దాటి ఇక్కడిదాకా వచ్చేసింది! "ఆవిడ వేయలేదండి. నేను పాడుచేశాను. ఆవిడ బాగుచేశారు. అందరి ముందూ ఆవిడని అంటుంటే నేను నోరు మూసుకున్నాను. ఆవిడ పేరు నూకరత్నం గారు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆ ఉద్యోగం రాలేదు, వస్తుందనీ అనుకోలేదు.

బయటికొచ్చి ఆవిడకు ఫోన్ చేశాను. అప్పటికి కాకినాడలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబు చూసుకుంటున్నారు. జరిగింది చెప్పాను. మెచ్చుకుంటారని ఎక్కడో ఆశ, దాచడమెందుకు. ఆవిడ అంతా విని, "మంచి పని చేశావు. ఇవాళ ఎంతమంది విన్నారు?" అన్నారు.

"ముగ్గురండి."

"ఆ రోజు గదిలో తొమ్మిదిమంది ఉన్నారమ్మాయ్" అన్నారు. కోపంగా కాదు. తర్వాత అన్నం తిన్నావా అని అడిగి ఫోన్ పెట్టేశారు.

ఆ తొమ్మిదిమందినీ వెతుక్కుంటూ వెళ్లి చెబుతున్నాను. ఏడుగురికి చెప్పాను. ఒకాయన "ఇంకా అదేనా?" అని నవ్వాడు. ఒకాయనకు అసలు గుర్తే లేదట. ఒక మనిషి పరువు తీసిన గదిలో కూర్చుని, గుర్తులేదట! ఎనిమిదో మనిషి జీఎం గారు, నా ఫోన్ ఎత్తడు. తొమ్మిదో ఆయన ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నాడో ఎవరూ చెప్పలేకపోయారు. వాళ్లిద్దరిలో ఎవరైనా ఇది చదువుతుంటే, అయ్యా, ఆ కాగితం మీద ఉన్నది నా పేరు.