పాదానికి తెలువని వణుకు

కరీంనగర్‌ల ఆటోమేటిక్ కారు ఏది మొరాయించినా ఎక్కువగ నా షెడ్డుకే వస్తది. చెప్పులిడిచి, ఉత్త కాళ్ళతోని నడిపి చూసుడు నా అలవాటు. పాదానికి తెలిసినంత మిషన్‌కు తెలువదని ఇరవై ఏండ్ల సంది గొప్పలు కొట్టుకున్న. కంప్యూటర్ పెట్టి చూసే మెకానిక్‌లను "మీకు కాళ్ళు లేవా?" అని ఎక్కిరించేటోణ్ణి.

ఉట్నూర్ దిక్కు ఒక అడివి ఊర్లె బడి చెప్పే సారు ఉన్నడు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు పడిపోయింది. క్లచ్ తొక్కుడు ఆయనతోని కాదు, అందుకే ఆటోమేటిక్ కొనుక్కున్నడు. ఎండలు ముదరక ముందు ఒకనాడు వచ్చి, "ఉస్తాద్, డెబ్బై మీద పోతుంటే బండి సన్నగ వణుకుతుంది" అన్నడు.

గీ బండ్లల్ల ఇంజనుకు, గేర్ బాక్సుకు నడుమ గుండ్రటి డబ్బా ఒకటి ఉంటది, టార్క్ కన్వర్టర్. దాంట్ల తిరిగే నూనెతోనే బండి కదులుతది. స్పీడ్ అందుకున్నంక, కాలుతోని పనిలేని లోపలి క్లచ్ గట్టిగ పట్టుకోవాలె. పట్టు జారితే వణుకుతది. కనిపెట్టుడు సులువే. యాక్సిలరేటర్ కదిలియ్యకుండ బ్రేకును ముట్టీ ముట్టనట్టు తాకితే క్లచ్ ఇడుస్తది. వణుకు ఆగితే తప్పు దానిదే, ఆగకుంటే ఇంజన్‌ల చూసుకోవాలె.

జమ్మికుంట రోడ్డు మీద పది కిలోమీటర్లు నడిపిన. ఏం వణకలే. పేరుకు కంప్యూటర్ మిషన్ పెట్టినా, తప్పు చూపెట్టే కోడ్ సుత రాలే. "బండికేం కాలేదు సారూ, మీ అడివి రోడ్ల కుదుపు ఇంక మీ ఒంట్లనే ఉంది" అని నవ్విన.

నెలకు మళ్ళ వచ్చిండు. మళ్ళ నడిపిన, మళ్ళ ఏం లేదు. ఈసారి నాకు మండింది. "నా కాలు అబద్ధం చెప్తదా? మీకు ఉత్తగ ఫికర్" అన్న. పాపం, అంత దూరం వాపస్ పోయిండు.

గా వారంలనే మా ఇంటామె నా మడిమెల నుంచి ఇనుప ముక్క పీకింది. చుట్టూ చీము పట్టింది. "ఇంతది గుచ్చుకుంటే నీకు ఎరుకైతలేదా? షుగర్ గోలీలు ఏసుకోమంటే ఇనవాయె" అని ఏడ్చింది. "మెకానిక్ కాలు గదా, మొద్దుబారి ఉంటది తీయ్" అన్న. నా నోటితోని నేనే అన్న, అయినా తట్టలే.

ఇంకో నెలకు మూడోసారి వచ్చినప్పుడు సారు నా పక్కకే కూసున్నడు. గేర్ పక్కన సగం తాగిన నీళ్ళ సీసా పెట్టుకున్నడు. డెబ్బై దాటంగనే "ఇగో, వణుకుతుంది" అన్నడు.

"ఏది సారూ?"

ఆయన సీసా దిక్కు చూపెట్టిండు. నీళ్ళు వణుకుతున్నయ్. బ్రేకును జర తాకిన, నిమ్మలమైనయ్. బ్రేకు మీదికెళ్ళి కాలు తీసిన, మళ్ళ వణికినయ్. నాలుగుసార్లు చేసిన. నీళ్ళకు తెలుస్తుంది, నా కాలుకు తెలుస్తలేదు.

బండి పక్కకు ఆపిన. వంగి అరికాలును గిచ్చి చూసుకున్న. "పానం మంచిగ లేదా ఉస్తాద్?" అని ఆయనే నన్ను అడిగిండు. సిగ్గుతోని సచ్చిపోయిన.

గేర్ నూనె తీస్తే నల్లగ ఉంది, మాడిన వాసన. మొదటిసారే పట్టుకొని నూనె మారుస్తే పోయేదేమో. రెండు నెలలు అట్లనే నడిపిచ్చిన, లోపల క్లచ్ అరిగిపోయింది. కన్వర్టర్ ఊడదీసి బాగుచేయనీకి హైదరాబాద్ పంపిన. అది వచ్చేదాక సారు, మందిని ఎక్కిచ్చుకునే జీపు ఎనక రాడ్డు పట్టుకొని, గా పడిపోయిన కాలుతోని నిలవడి బడికి పోయిండు. నన్ను తిట్టినా బాగుండు.

నడుమ మా ఇంటామె నన్ను దవాఖానకు గుంజుకపోయింది. పాదాల నరాలు పోయినయ్, మళ్ళ రావు అన్నడు డాక్టర్. నాకు వేరే పని రాదు. గీ పని సుత పాదంతోనే వచ్చింది.

బండి బిగించినంక ఇద్దరం అదే రోడ్డు మీద పోయినం. అలవాటు కొద్ది చెప్పులిడిచిన. డెబ్బై దాటింది. సీసల నీళ్ళు కదులుతలేవు. సారు మొఖం ఎలిగిపోయింది.

"పోయింది ఉస్తాద్! అస్సలు లేదు. నీకు తెలుస్తుందా?"

"తెలుస్తుంది సారూ" అన్న.

బండి చెడిపోయిననాడు నా పాదం కింద ఎట్లుండెనో, ఇయ్యాళ సుత గట్లనే ఉంది.