పాటలోంచి తీసేసిన తమ్ముడు

ఏళ్ల తరబడి ఒక మనిషి పేరును గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మింగుడు పడదు, బయటికి రాదు. మొయినాబాద్‌లో నా నోటికి జడవని వాళ్లు తక్కువ. కాలేజీలో చరిత్ర చెప్తాను. బస్సులో కండక్టరుతో, ఇంట్లో మా ఆయనతో, సందు దొరికితే దేవుడితోనూ వాదిస్తాను. అలాంటిదాన్ని ఒక్క నిజం దగ్గర మూగదాన్నయ్యాను. మీరు నన్ను ఎరగరు. అందుకే మీతో చెప్తున్నాను.

మా ముత్తాత పెంటారెడ్డి. జాగీర్దారుకు శిస్తు కట్టనని ఎదురు తిరిగి జైల్లోనే పోయాడు. ఆయన దాక్కున్న చోటు చూపించినవాడు చేవెళ్ల వైపు ఊరి జంగారెడ్డి. మా దగ్గర ఈ రెండు పేర్లూ పిల్లలకు కూడా తెలుసు. ఒకటి దండం పెట్టడానికి, ఒకటి తిట్టడానికి.

మా ఊళ్లో ముత్తాత విగ్రహం పెట్టే ముందు, మా ఇళ్ల వంశాలను తరతరాలుగా పాడి వినిపించే వంశరాజును పిలిపించాను. అరుగు మీద కూర్చుని కళ్లు మూసుకుని పాడాడు. ఫోన్‌లో రికార్డు చేశాను. మధ్యాహ్నపు ఎండ, వేపపూల వాసన. ఆ మగతలోనే విన్నాను: పెంటారెడ్డి వెనక పుట్టిన పసివాణ్ణి చేవెళ్ల దిక్కు పిల్లల్లేని ఇంటికి దత్తు ఇచ్చారట. ఇంటిపేరు మారింది, గోత్రం మారింది. అక్కడ పెట్టిన పేరు జంగారెడ్డి.

అన్నను పట్టించింది తమ్ముడు. తెలిసే చేశాడా? తెలియకనా? పాటలో అది లేదు.

ఆ ముక్క కోసేశాను. విగ్రహం దగ్గర మైకులో మిగతాది వినిపిస్తే అందరూ చప్పట్లు కొట్టారు. జనం చెదిరాక ఒక ముసలాయన దగ్గరకొచ్చాడు. జంగారెడ్డి మనవడు అంతిరెడ్డి. పట్టించినోళ్లన్న పేరు పుట్టినప్పటి నుంచీ మోస్తున్నవాడు.

“బిడ్డా, జర ఆగు. పాటల మా తాత పేరేమన్న ఎత్తిండా?”

“మా వంశంల మీ తాత పేరెందుకొస్తది? చేసిన ఘనకార్యం మైకుల గూడ వినాల్నా?”

“అట్ల గాదమ్మా. మా నాయన పోయేముందు మనం పెంటారెడ్డి ఇంటోళ్లమే అన్నడు. ఉంటే ఒక్క పూలదండ ఏసి పోత. లేదంటే లేదను, నమ్ముత. నువ్వు చదువుకున్నదానివి.”

“లేదు.”

తలూపి, దండ ఉన్న సంచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఊరి పరువు కోసం అనుకున్నాను. ఒట్టి మాట. పెంటారెడ్డి మునిమనవరాలినని సగం జీవితం చెప్పుకుని తిరిగినదాన్ని, నా ఒంట్లో ఉన్న రక్తమే రెండోవాడి ఒంట్లోనూ పారిందంటే ఒప్పుకోవడానికి మనసు రాలేదు. మెహిదీపట్నం బస్సులో గండిపేట చెరువు మీద మంచు చూస్తూ కునుకుతీస్తే, ఆ నీళ్లపై ఒకే గొంగడి కప్పుకున్న ఇద్దరు పిల్లలు కనిపిస్తారు. పట్టించినవాడెవరో, దొరికినవాడెవరో పోల్చుకోలేను. నన్ను చూడగానే మాటలు ఆపేస్తారు.

ఈ వానాకాలంలో అంతిరెడ్డి పోయాడు. వెళ్లాను. నీళ్లిస్తూ ఆయన కూతురు అడిగింది, “మీరేమైతరు మాకు?” అని.

“తెలిసినోళ్లం” అన్నాను. అక్కడ కూడా!

రేపు ఆ అమ్మాయికి చెప్తానా? చెప్తాననే అనుకుంటాను, నన్ను నేను అంతగా నమ్మను. చెప్పినా, అడిగినాయన వినడు. క్షమించమని ఎవరిని అడగను?

అంతిరెడ్డి నాకు చిన్నాయన.

ఆ మాట ఇప్పుడే రాసి, పైకి చదివాను. దీనితో మాత్రం వాదించను.