పూజైన రాకెట్టు

పార్శిల్ పెట్టె విప్పగానే కొత్త ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. సూర్యాపేటలో మా ఇంటి డైనింగ్ టేబుల్ మీద ఒకదానికొకటి అతికించి బొమ్మలు కట్టుకునే నీలం, బూడిద రంగు ప్లాస్టిక్ ఇటుకలను కుప్పగా పోసుకుని కూచున్నాను. చిటికెన వేలి గోరంత ముక్కలు, ఒంపు తిరిగిన ముక్కలు, పైన గుబ్బలు కనపడకుండా నున్నగా మూసే పలకలు, అటూ ఇటూ మడిచే కీళ్లు, ఇవేవీ మాకు అప్పట్లో దొరికినవాటిలో లేవు. "పిల్లల కోసమా మేడం" అని పార్శిల్ తెచ్చినతను అడిగితే అవునని అబద్ధం చెప్పాను. నిజానికి నా కోసమే. చిన్నప్పుడు నేనూ తమ్ముడు శీనూ కలిసి కట్టిన రాకెట్టును ఈ కొత్త ముక్కలతో మళ్లీ కట్టాలని నా పంతం.

మిర్యాలగూడలో మాది రైసుమిల్లు. తవుడు వాసన మా దుప్పట్లలో, జడల్లో, ఆఖరికి తోడు పెట్టిన పెరుగులో కూడా ఉండేది. తాత మిల్లులో తిరుగుతూ తిరుగుతూ గుప్పెడు బియ్యం తీసి, ఉఫ్‌మని ఊది, రెండు గింజలు పంటి కింద వేసుకుని, ఏమీ చెప్పకుండా ముందుకు పోయేవాడు. ఆ మౌనానికి మెచ్చుకోలని అర్థమో, కోపమని అర్థమో మల్లయ్య ఒక్కడికే తెలుసు. మల్లయ్య మా మిల్లు హమాలీలందరికీ పెద్ద. దసరా నాటికి త్రిపురారం దిక్కు పొలాలన్నీ ఇంకా పచ్చగా ఉండేవి కాబట్టి మిల్లుకు పని ఉండేది కాదు. మిషన్లకు గ్రీజు పెట్టి రంగులు వేయించేవాళ్లు. మేము ఖాళీ గోనెసంచుల గుట్ట మీది నుంచి జారుతుంటే, ఇంట్లో అమ్మా నాయినమ్మా నువ్వులు దంచి, రొట్టెలు నలిపి బెల్లం కలిపి, మలీద ముద్దలు చేస్తుండేవాళ్లు. డాబా మీద బతుకమ్మ కోసం రంగులద్దిన గునుగు పూలు ఆరుతుండేవి. వాటి మీద కాలు పెడితే వీపు విమానం మోతే.

రెండు వేల మూడో, నాలుగో సంవత్సరం సంగతి. దసరా సెలవుల మొదట్లో కోదాడ మామ ఒక బిస్కెట్ల డబ్బా పట్టుకుని వచ్చాడు. మామ అంటే మా అమ్మ తమ్ముడు. డబ్బాలో అతను చిన్నప్పుడు ఆడుకున్న ప్లాస్టిక్ ఇటుకలున్నాయి, ఎవరో బొంబాయి నుంచి తెచ్చిచ్చినవి. కలరా ఉండల వాసన. ఎట్లా కట్టాలో చెప్పే కాగితం ఎప్పుడో పోయింది. అవి మొదట వచ్చిన పెట్టె అట్టమూత మాత్రం సగం మిగిలింది, దాని మీద సగం రాకెట్టు బొమ్మ. ఒక రెక్క, పసుప్పచ్చ అద్దం, అంతే. మామ బడికి పోయే రోజులన్నీ దాన్ని కట్టాలని చూసి కట్టలేకపోయాడట. అత్తకు అప్పుడు ఆరో నెల.

"సెలవులు అయిపోయేలోపు వచ్చి తీసుకుపోతా. పుట్టబోయే వాళ్లకి ఉండాలి గదా. ఒక్క బిళ్ల పోయినా ఊరుకోను" అన్నాడు.

ఐదు రోజులు తిండీ నిద్రా మరిచి కట్టాం. బొమ్మలో ఉన్న సగాన్ని చూసి లేని సగాన్ని ఊహించుకోవడం నా పని, నేను చెప్పిందల్లా తప్పని వాదించడం శీను పని. ముక్కలు చాలలేదు. సంచులు కుట్టే మిషన్ దారం రీళ్లు రెండు తెచ్చి వెనక ఇంజన్లుగా పెట్టాం. గోనెలు కుట్టే దబ్బనాన్ని నెత్తిన గుచ్చితే ఏరియల్ అయింది. ముక్కు మెట్లు మెట్లుగా, రెక్కలు ఒకటి పెద్దది ఒకటి చిన్నది. అయినా సరే, అంత అందమైన వస్తువును నేను అప్పటికి చూడలేదు, గొప్పలు చెప్పుకుంటున్నాననుకున్నా సరే.

దసరా రోజు మిల్లులో ఆయుధ పూజ. మిషన్లు, కాంటాలు, లారీ, మల్లయ్య కొక్కెం, అన్నీ కడిగి వరసగా పెట్టారు. శీను గుట్టు చప్పుడు కాకుండా రాకెట్టును కాంటా పక్కన పెట్టొచ్చాడు. పూజ చేసే అయ్యగారు సోడాబుడ్డి అద్దాల మనిషి, వరసలో ఉన్నదానికల్లా పసుపు రాసి, బొట్టు పెట్టి, బంతిపువ్వు గుచ్చుకుంటూ పోయాడు. మా రాకెట్టుకూ మూడు బొట్లు పడ్డాయి. తాత చూసి ముందుకు పోయాడు.

మర్నాడే మామ దిగాడు. డబ్బా మూత తీసి, విప్పడానికి రాకెట్టు రెక్క మీద చెయ్యి వేశాడు. అప్పుడు తాత అన్నాడు:

"ఆగు. పూజైన మిషన్‌ను ఒకపారి నడపకుంట ఇప్పొద్దు. మా మిల్లు రివాజు."

"ఇది బొమ్మ గదా మామయ్యా" అన్నాడు మామ.

"బొట్టు పెట్టినంక బొమ్మేంది, మిషనే."

అక్క మామగారి మాట కాదనే ధైర్యం మామకు లేదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. శీను నా చెవిలో గుసగుసగా, "అక్కా, మనం నడపకుంటే అయిపాయె. ఇగ ఎన్నడు ఇప్పరు" అన్నాడు. వాడి తెలివికి నేనే బిత్తరపోయాను. ఎగరకుండా ఉన్నన్నాళ్లూ రాకెట్టు మాదే. ఆ పూట నాలుగు గారెలు ఎక్కువ తిన్నాం.

కాని మామ దాని పక్కనే బాసింపట్టు వేసుకుని కూచుండిపోయాడు. "ఈ రెక్క ఎట్లా నిలబడిందే? నాకెప్పుడూ ఊడిపోయేది" అంటూ ఒక్కో అతుకూ వేలితో తడిమాడు. మీసాలున్న మనిషి మొహంలో మూడో క్లాసు పిల్లాడు కనిపించాడు. "ఎగిరితే ఎట్లుండేదో" అని తనలో తనే అనుకున్నాడు. అది విన్న దగ్గర్నుంచి నాకూ అదే రంధి పట్టుకుంది. చూడాలి. విప్పినా సరే, ఒక్కసారి ఎగరగా చూడాలి. ఆ మాట శీనుతో అంటే వాడు నన్ను గిల్లి, ఏడ్చి, గోనెల చాటుకు పోయి కూచున్నాడు. కాసేపటికి ముక్కు తుడుచుకుంటూ వాడే సుతిలి తాడు ఉండ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

మిషన్ సామాన్లు పై అంతస్తుకు లాగే గిలక ఒకటి మిల్లు నడుమ వేలాడుతుండేది. మల్లయ్య రాకెట్టును సుతిలితో నాలుగు దిక్కులా కట్టి గిలక తాడుకు ముడేశాడు. తాడు మాత్రం తాతే పట్టుకున్నాడు. "మెల్లగ, మెల్లగ" అని తనకు తనే చెప్పుకుంటూ లాగాడు. రాకెట్టు మా తలలు దాటింది, లారీ అంత ఎత్తు దాటింది, రేకుల కింది కిటికీ ఎండలోకి పోయింది. తాడు కదిలి దూలాల మీది తవుడు దుమ్మంతా లేచి దాని చుట్టూ తళతళా తేలింది. పసుప్పచ్చ అద్దం ఒక్కసారి మెరిసింది. మామ చప్పట్లు కొట్టాడు. శీను ఏడుపు మరిచి నోరు తెరిచి చూశాడు. నాకైతే ఆ క్షణంలో ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

కిందికి దించాక అందరం చుట్టూ కూచుని మేమే విప్పాం. ఒక్క బిళ్ల పోలేదు. రీళ్లూ దబ్బనమూ మాకు మిగిలాయి.

ఇప్పుడు మా మిల్లున్న చోట ఫంక్షన్ హాలు ఉంది. తాత లేడు, మల్లయ్య లేడు. మామ డబ్బా ఇళ్లు మారడంలో ఎక్కడ పోయిందో అతనికే తెలియదు. నా కొత్త రాకెట్టు మూడు ఆదివారాల్లో తయారైంది. ముక్కు గుండ్రంగా వచ్చింది, రెక్కలు రెండూ సమానంగా ఉండి మడుచుకుంటాయి, అద్దం తెరుచుకుంటుంది. శీను ఫోన్లో చూసి, "మనదానికంటె మస్తున్నదే, గని గంత నున్నగుంటే ఎట్ల" అని వంక పెట్టాడు.

పోయిన ఏడాది మిర్యాలగూడలో తెలిసినవాళ్ల మిల్లులో దసరా పూజకు పోయినప్పుడు, ఆ రివాజు గురించి యజమానిని అడిగాను. ఆయన నవ్వాడు. "గసుంటి రివాజు ఏడ లేదమ్మా. పూజైనంక మిషన్ ఆగితే అప్పటికప్పుడే ఇప్పుతం" అన్నాడు. ఇంకో ఇద్దరిని అడిగినా అదే మాట. తాత అప్పటికప్పుడు కల్పించాడన్నమాట. మా కోసమో, తనకే అది ఎగరగా చూడాలని ఉండిందో. బస్సులో సూర్యాపేట దాకా నవ్వుకుంటూనే ఉన్నాను, కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను.

ఈ దసరాకు కొత్త రాకెట్టుకు పసుపు రాసి మూడు బొట్లు పెట్టాను. పండగకు వచ్చిన శీను దాన్ని చేతిలోకి తీసుకుని, "అక్కా, ఎప్పుడు నడిపిద్దం?" అన్నాడు.

ఇప్పుడే వద్దన్నాను.